ఊపిరి బిగబట్టే మనిషితో కాపురం

మా ఆయనకు బీపీ ఉందని తేలిన రోజున ఇంట్లో అందరూ తిరిగి నా వైపు చూశారు. ఫ్యాక్టరీలో పరీక్ష చేసిన వైద్యుడు చీటీ మీద ఉప్పు తగ్గించమని రాశాడు, రోజుకో మాత్ర రాశాడు, కొన్నాళ్లు పోయాక మళ్లీ పరీక్షకు రమ్మని రాశాడు. నా ప్రస్తావన ఎక్కడా లేదు. అయినా మా అత్తగారు ఆ చీటీని వెనకా ముందూ తిప్పి, చదవడం రాకపోయినా చదివినంత సేపూ చూసి, తేల్చేసింది.

"ఉప్పూ కాదు, ఏటీ కాదు. పొద్దున లెగిసిన కాడినుంచీ డప్పు వాయించినట్టు వాయిత్తా ఉంటే ఏ మగోడి నెత్తురు పొంగదు?"

"నానేటి వాయించినానత్తా?"

"అదిగో. మొదలెట్టింది."

నాకు నోరుంది. దాన్ని దాచుకోవలసిన అవసరం నాకెప్పుడూ కనిపించలేదు, ఎందుకంటే ఈ ఇల్లు నడిచింది ఆ నోటితోనే. కుళాయి ఎండిపోయిన వేసవిలో మునిసిపాలిటీ గుమస్తా బల్ల ముందు నిలబడి హిందీలో కడిగేసింది నేను. పైవాటా అద్దెకున్నవాడు మా వాకిట్లో స్కూటరు పెడితే తీయించింది నేను. సంతకం పెట్టాల్సిన చోట మా ఆయన పెట్టేవాడు, మాట్లాడాల్సిన చోట నన్ను ముందుకు తోసేవాడు. పనయ్యాక అందరూ కలిసి "దాని నోరు మంచిది కాదు" అనుకునేవారు. డిగ్రీ దాకా చదివించినందుకు మా నాన్నను కూడా తిట్టేవారు. ఆ చదువు ఈ ఇంట్లో ఇంకెందుకూ అక్కరకు రాలేదు గనక, పోట్లాడేటప్పుడు వాక్యాలు తప్పుల్లేకుండా రావడానికైనా పనికొచ్చిందని నేను తృప్తిపడ్డాను.

మా ఆయన టాటానగర్ పక్కన గమ్హరియాలో తీగలు లాగే ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. ఇనుప కడ్డీ చుట్టలు చుట్టలుగా వస్తుంది. దాన్ని సన్నటి తీగగా లాగే ముందు తుప్పు వదిలించాలి. అందుకు ఆసిడ్ ట్యాంకులుంటాయి. చుట్టను కొక్కేనికి తగిలించి ట్యాంకులో ముంచుతారు, తుప్పు వదిలాక పైకి లేపి నీళ్లలో కడుగుతారు. లేపేటప్పుడే ప్రాణం మీదికొచ్చేది. చుట్టతో పాటు తెల్లటి ఆవిరి గుప్పున లేస్తుంది. పీల్చారా, గొంతు కోసుకుపోతుంది. మాస్కులిస్తారు. వాటిని మెడలో వేలాడేసుకుంటారు, ఎవరైనా తనిఖీకి వస్తే ముక్కు మీదికి లాక్కుంటారు. అక్కడి పాతవాళ్ల పద్ధతి వేరు. ట్యాంకుకు కాస్త ఇవతలే గుండె నిండా గాలి పీల్చి, బిగబట్టి, లోపలికి నడిచి, చుట్టను లేపి, ఆవిరి పక్కకు తేలిపోయేదాకా కదలకుండా నిలబడి, అప్పుడు వెనక్కి వచ్చి ఊపిరి వదలడం. కొత్తగా చేరినవాడికి నేర్పే మొదటి పాఠం అదే. ఎక్కువసేపు బిగబట్టినవాడే మొనగాడు. మా ఆయన పెళ్లికి ముందునుంచీ ఆ ట్యాంకుల దగ్గరే ఉన్నాడు, ఆ షెడ్డులో ఆయన్ని మించిన దమ్మున్నవాడు లేడని పేరు తెచ్చుకున్నాడు.

ఫ్యాక్టరీ వాళ్ల మాట సూటిగా ఉంది. మళ్లీ పరీక్షలో బీపీ దిగకపోతే ట్యాంకుల మీద పని లేదు. మా ఆయన భయం అదే, షెడ్డు పోతుందేమోనని. నా భయం అది కాదు. మా మామగారు టాటానగర్ స్టేషన్‌లో పనిచేసేవారు. ఒక సాయంత్రం డ్యూటీలో ఉండగానే ప్లాట్‌ఫారం మీది బెంచీకి జారగిలబడి మళ్లీ లేవలేదు. అప్పటికి ఆయన తల పూర్తిగా నెరవను కూడా లేదు. మా ఆయన గడ్డం, చెవులు, నడక అన్నీ ఆయనవే. గుండె ఒక్కటి వేరే చోటినుంచి వచ్చుంటుందని నేనెలా అనుకోను?

ఆ మాటే అత్తగారితో ఇంకో రకంగా అన్నాను. నా నోటివల్లే కొడుక్కి బీపీ వచ్చిందని ఆవిడ పక్కవాటా ఆవిడతో చెబుతుంటే వంటింట్లోంచే అడిగాను. "మరి మామయ్య గుండె ఆగినప్పుడు ఇంట్లో నోరెవరిదత్తా?"

ఆ సాయంత్రం ఆవిడ టీ తాగలేదు. నేను మళ్లీ వేడిచేసి ఇవ్వనూ లేదు.

మా మరిది కథలోకి వచ్చింది అప్పుడే. ఊళ్లోనే జుగ్సలాయి బజారులో ఇనప సామాను వ్యాపారం, మేకులూ బోల్టులూ నింపిన గోడౌను. ఆ మధ్య ఏదో యోగా శిబిరానికి వెళ్లి, పట్టుమని పది రోజులు ఉన్నాడో లేదో, గురువై తిరిగొచ్చాడు. గోడౌను డాబా మీద తివాచీలు పరిచి తెల్లవారగానే శ్వాస తరగతులు మొదలుపెట్టాడు. రైల్వే కాలనీలోని మన తెలుగువాళ్లు, కాంట్రాక్టు పనులు చేసేవాళ్లు, బజారు వ్యాపారులు కొందరు వచ్చేవారు. డబ్బు తీసుకునేవాడు కాదు. అందుకే అతన్ని ఎవరూ ఏమీ అడిగేవారు కాదు.

"అన్నయ్యా, మాత్ర మొదలెట్టినావంటే సచ్చీదాకా ఒదల్దు," అన్నాడు మా ఇంట్లో మంచం మీద పద్మాసనం వేసుకుని. "మందు నీ ముక్కులోనే ఉంది. బీపీ అంటే ఏటనుకున్నావు? దమ్ము మీద పట్టు లేకపోడమే. దమ్ముని పట్టినోడికి రోగం లేదు."

"పట్టడమంటే బిగబట్టడమేనా బాబూ?" అన్నాను. "ఆ పని మీ అన్నయ్య ట్యాంకు కాడ రోజంతా సేత్తానే ఉన్నారు. మరి దానికే తగ్గాలి గదా."

"అది పని వదినా. ఇది యోగం."

"ముక్కుకి ఆ తేడా తెలుస్తాదా?"

మా మరిది చిరునవ్వు నవ్వాడు. ఈ మధ్యే నేర్చుకున్న నవ్వది. ఎదుటివాళ్లు అడిగినదానికి జవాబు లేనప్పుడు దాన్ని వాడేవాడు. "వదినా, సూడు. నువ్వు మాట్లాడతన్నావు, అన్నయ్య మెడ మీద నరం సూడు ఎలా లెగుస్తందో. మెషీనెందుకు?"

నిజంగానే లేచింది. అత్తగారు చూసింది, మంచం చివర ఫోను చూసుకుంటున్న మా అమ్మాయి కూడా తలెత్తి చూసింది. "మమ్మీ, ఛోడో నా," అంది. "పాపా కో టెన్షన్ మత్ దో." నాన్నకు టెన్షన్ పెట్టొద్దని, నేను తెలుగులో కన్న పిల్ల హిందీలో తీర్పు చెప్పింది. ఈ ఊరి పిల్లలంతా అంతే, తెలుగులో అడిగితే హిందీలో కొడతారు.

మా ఆయన మాత్రలు మానేశాడు. సంతోషంగా మానేశాడు, ఎవరో శిక్ష రద్దు చేసినట్టు. గుండె డాక్టరుకు చూపిద్దామంటే వినడు, మాత్ర వేసుకోమంటే గోడ వైపు తిరుగుతాడు. నేను అరిచేకొద్దీ అత్తగారి వాదానికి బలం పెరిగింది. చివరికి ఒకరోజు ఆవిడే బేరం పెట్టింది.

"నువ్వొక పని సెయ్యి. మళ్లీ పరీచ్చ దాకా నోరు మూసుకో. మౌనం పట్టినాననుకో. అప్పుడు తగ్గిందనుకో, తప్పు నీ నోటిది. తగ్గలేదనుకో, నువ్వు సెప్పిన డాట్రు కాడికి ఆడే వత్తాడు."

"ఆ డాట్రు రాసిన మందూ మింగాలి."

"మింగుతాడు. ఏరా?"

మా ఆయన తలూపాడు. మరిది కూడా తలూపాడు, కాస్త దయగా.

ఒప్పుకున్నాను. నా నోరే కారణమన్న అనుమానంతో కాదు. ఆ మనిషిని డాక్టరు ముందు కూర్చోబెట్టడానికి నాకింకో దారి మిగలలేదు. ఇన్నేళ్లలో మాట్లాడి సాధించలేనిది మాట్లాడకుండా సాధించాలి, అంతే. ఇల్లంతా కలిసి నా నోటికి ఖరీదు కట్టడం అదే మొదటిసారి.

నేను నోరు మూసుకున్నాక ఇల్లు పండగలా వెలిగిపోయిందనుకుంటున్నారా? మొదటి వారం అత్తగారు మరీ హుషారుగా ఉంది. నాకు జవాబు రాదని తెలిసి, ఇన్నేళ్లుగా దాచుకున్నవన్నీ ఒక్కొక్కటే తీసి చెప్పింది. పులుసులో బెల్లం వెయ్యడం నుంచి మా పుట్టింటివాళ్లు పెళ్లిలో పెట్టిన చీరల అంచుల దాకా. నేను తలూపేదాన్ని. తర్వాత్తర్వాత ఆవిడకే విసుగొచ్చింది. ఎదురు చెప్పేవాళ్లు లేకపోతే దెప్పడంలో రుచి ఉండదని అప్పుడు తెలిసుంటుంది. "ఉలకవు, పలకవు, దెయ్యంలా ఏటలా సూత్తావే?" అని దానికీ తిట్టింది.

నాకు మాత్రం చెవులొచ్చాయి. అదివరకు మా ఇంట్లో నాకు వినిపించే చప్పుడు నా గొంతొక్కటే కాబోలు. ఇప్పుడు మా ఆయన ఊపిరి వినిపించడం మొదలైంది. వినిపించడం కాదు, వినిపించకపోవడం. బూటు లేసు కట్టుకోవడానికి వంగుతాడు, ఊపిరి ఆగిపోతుంది, కట్టుకున్నాక భుస్సుమని వదులుతాడు. ఫోనులో ఏదో చదువుతాడు, ఆగిపోతుంది. కుక్కరు మూత తీస్తుంటే ఆవిరి వస్తుందని ఆగిపోతుంది, అది వట్టి అన్నం ఆవిరే అయినా. వాళ్లమ్మ గొంతు పెంచితే ఆగిపోతుంది. చొక్కా మీద మూడో బొత్తాం చూస్తూ కూర్చునేదాన్ని. మనిషి బతికుంటే పొట్ట దగ్గరి బొత్తాం కదలాలి గదా. ఆయనది అప్పుడప్పుడూ మాత్రమే కదిలేది, అదీ ఎవరైనా పిలిస్తే ఉలిక్కిపడ్డట్టు.

రాత్రి డ్యూటీల వారం ఆయన పగలు నిద్రపోయేవాడు. మధ్యాహ్నం నేను పక్క గదిలో కూరగాయలు తరుగుతూ ఉంటే గురక గోడలోంచి వచ్చేది. ఆ గురకను ఇన్నేళ్లుగా తిడుతూనే ఉన్నాను, ఎన్నడూ వినలేదు. ఇప్పుడు విన్నాను. పెరుగుతుంది, పెరుగుతుంది, ఠక్కున తెగిపోతుంది. ఏమీ ఉండదు. వీధిలో పాతసామాన్లవాడు కేక వేసుకుంటూ మా గుమ్మం దాటి, మలుపు తిరిగి వెళ్లిపోయినా ఏమీ ఉండదు. నా చేతిలో కత్తి బెండకాయ మీదే ఆగిపోయేది. తర్వాత, బావిలోంచి పైకి లాగిన మనిషిలా ఒక్క ఎగశ్వాస, మంచం కిర్రుమనడం, మళ్లీ గురక మొదటినుంచి. లేచి వెళ్లి కుదిపేదాన్ని. కళ్లు తెరిచి నన్ను చూసి, నేను మాట్లాడననే ధైర్యంతో అటు తిరిగి పడుకునేవాడు. నిద్రలో కూడా ఆ ట్యాంకు దగ్గరే నిలబడి ఉన్నాడనుకున్నాను. వినేవాళ్లెవరికైనా చెప్పాలని నోటి దాకా వచ్చేది. బేరం గుర్తొచ్చి మింగేదాన్ని. చెబితే బేరం పోతుంది, బేరం పోతే డాక్టరు పోతుంది. నా గొంతును వాళ్లు కాదు, ఆయన ప్రాణమే కట్టేసింది.

ఒక ఆదివారం మా మరిది ఇంటిల్లిపాదినీ డాబా మీదికి పిలిచాడు, అన్నయ్య ఎంత ఎదిగాడో చూడమని. వెళ్లాం. కింద బోల్టుల సంచులు, మెట్ల మీద తుప్పు వాసన, పైన తివాచీల మీద పాతికమంది దాకా మనవాళ్లు. చివరి అంశం దమ్ము బిగబట్టడం. మరిది చెయ్యి పైకెత్తాడు, అందరూ పీల్చారు, చెయ్యి దించాడు, అందరూ బిగబట్టారు. ఒక్కొక్కరూ ఓడిపోయి వదిలేశారు. గుమస్తా ఒకాయన దగ్గుతూ నవ్వాడు. రైల్వేలో గార్డుగా రిటైరైన పెద్దాయన "నా బండి ఆగిపోనాది బాబూ" అని చేతులెత్తేశాడు. చివరికి మా ఆయనొక్కడు మిగిలాడు. మొహం ఇటుక రంగు తిరిగింది, మెడ మీది నరం తాడులా పొంగింది, అయినా వదలడు. చుట్టూ ఉన్నవాళ్లు చేతులతో తాళం వేస్తున్నారు. ముందు వరసలో అమ్మాయి ఫోనులో తీస్తోంది.

వదిలాడు. డాబా అంతా చప్పట్లు.

"ఓర్నీ, నువ్వు సేపల్లో పుట్టాల్సినోడివి బావా," అన్నాడు గుమస్తా.

"ఇదీ దమ్మంటే," అన్నాడు మరిది. "మనోళ్లల్లో ఇంత కుంభకం ఇంకెవరికుంది సెప్పండి."

మా ఆయన నవ్వాడు. చెమట తుడుచుకుంటూ, తల కొంచెం వంచుకుని, పెళ్లయిన కొత్తలో నవ్విన నవ్వు. ఆ నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఇన్నేళ్లు ఆ ఆవిరిలో నిలబడినందుకు ఒక్కడూ చప్పట్లు కొట్టలేదు. ఆ ఆవిరి నేర్పిన పాడు అలవాటుకి ఇప్పుడు ఊరంతా కొడుతోంది. మొదటిసారి ఒక బహుమతి వచ్చింది, అదీ ఈయన్ని చంపేదానికే వచ్చింది. నేను ఒక్క మాట అంటే ఆ నవ్వు పోతుంది, అనకపోతే మనిషి పోతాడు. పైగా నేను మౌనంలో ఉన్నాను. మెట్లు దిగేటప్పుడు ఆయన గోడ పట్టుకుని ఒక్క క్షణం ఆగాడు. కళ్లు తిరిగినట్టున్నాయి. ఎవరూ చూడలేదు. చూసినదానికి నోరు లేదు.

పరీక్ష రోజు వచ్చింది. బీపీ దిగలేదు. మొదటిసారి కంటే పైకెక్కింది.

ఇంటికొచ్చి చీటీ బల్ల మీద పెట్టాడు. ఈసారి దాన్ని ఎవరూ వెనకా ముందూ తిప్పలేదు. నేను నిలబడి అందరి మొహాలూ చూశాను. మా మరిదే ముందు తేరుకున్నాడు.

"వదిన నోరు మూసింది గానీ మనసు మూయలేదు. లోపల కోపం ఉంటే అది తగులుతాది. కనబడదు గానీ తగులుతాది."

"ఆ సూపు సాలు," అంది అత్తగారు. "మాటకంటే ఆ సూపే ఎక్కువ."

పొట్లాట మొదలెట్టడానికి గొంతు సవరించుకున్నాను. కానీ అంతకుముందే మా ఆయన లేచాడు, చెప్పులు వేసుకున్నాడు. "మాటిచ్చినాం గదమ్మా," అని వాళ్లమ్మతో అని, "ఎల్దాం పద," అన్నాడు నాతో. నాకు ఆ మనిషి మీద ప్రేమ మిగిలుందంటే అలాంటి ఒకటి రెండు సందర్భాల వల్లే.

సాక్చిలో గుండె డాక్టరు. నాకంటే చిన్నది, చకచకా హిందీలో మాట్లాడుతుంది. ఆయన ఛాతీ మీద గొట్టం పెట్టి విన్నది, యంత్రం మీద పడుకోబెట్టి చూసింది. ఏం పని, ఏం తింటారు, బీడీ సిగరెట్టు ఉందా, అన్నీ ఆయన్నే అడిగింది. అన్నిటికీ ఆయన "ఠీక్ హై మేడం" అనే ధోరణిలోనే చెప్పాడు. నిద్రలో గురక వస్తుందా అంది. "నహీఁ," అన్నాడు.

ఆవిడ కలం ఆపి నా వైపు తిరిగింది. "ఆప్ బతాయియే, మీరు చెప్పండి. పక్కన పడుకునేది మీరు గదా."

అన్నాళ్ల తర్వాత గొంతు విప్పితే ముందు గాలే వచ్చింది, మాట రాలేదు. తర్వాత వచ్చింది. అంతా చెప్పాను. ట్యాంకు, ఆవిరి, బిగబట్టడం, బూటు లేసు, కుక్కరు మూత, మధ్యాహ్నం తెగిపోయే గురక, పాతసామాన్లవాడు మలుపు తిరిగేదాకా రాని శ్వాస, డాబా మీద చప్పట్లు, మెట్ల మీద గోడ పట్టుకోవడం, మానేసిన మాత్రలు. మధ్యలో ఒక్కసారి కూడా ఆవిడ గడియారం చూడలేదు. మా ఆయన నా పక్కన కూర్చుని, తన గురించి కాదన్నట్టు విన్నాడు.

డాక్టరు అరటిపండు ఒలిచినట్టు చెప్పింది. నిద్రలో ఊపిరి ఆగిన ప్రతిసారీ నెత్తుట్లో ప్రాణవాయువు తగ్గుతుంది, ఒళ్లు బెదిరిపోతుంది, గుండె గబగబా తోస్తుంది, బీపీ ఎగబాకుతుంది. నిద్రంతా అదే జరుగుతుంటే పగలు మాత్రం ఎలా దిగుతుంది? దానికి పరీక్ష చెయ్యాలి, అవసరమైతే ముక్కుకి తగిలించుకుని పడుకునే యంత్రం ఇస్తారు. మాత్ర మానకూడదు. దమ్ము బిగబట్టే పోటీలు బీపీ ఉన్నవాళ్లకు బొత్తిగా పనికిరావు, బిగబట్టి అదిమినకొద్దీ లోపల ఒత్తిడి పెరుగుతుంది. "ఊపిరి సాధన చెయ్యండి, మంచిదే. కానీ మెల్లగా పీల్చండి, అంతకంటే మెల్లగా వదలండి. ఎక్కడా ఆపొద్దు. దానివల్ల బీపీ కొంచెం దిగుతుంది. కొంచెమే. మాత్రకు తోడు తప్ప బదులు కాదు." ఆసిడ్ ట్యాంకు దగ్గర మాస్కు లేకుండా నిలబడొద్దని విడిగా మళ్లీ చెప్పింది.

తర్వాత నన్ను అడిగింది. "ఇదంతా ముందే ఎవరికీ చెప్పలేదా?"

నేను నవ్వాను. ఆవిడకు ఎందుకో అర్థం కాలేదు.

బయట ఆటో కోసం నిలబడ్డాం.  "డాబా మీద అందరికంటే నాదే ఎక్కువ," అన్నాడు మా ఆయన. నా వైపు చూడకుండా, చేతిలో ఉన్నది ఎవరో లాక్కున్నట్టు.  నేను చెయ్యెత్తి ఆటో ఆపాను.

ఇది జరిగి చాలాకాలమే అయింది. నిద్ర పరీక్ష జరిగింది. డాక్టరు అనుమానించిందే నిజమైంది. యంత్రం వచ్చింది, మంచం పక్కన బుసబుసమంటూ ఉంటుంది. మాత్ర వేసుకుంటున్నాడు, నా ఎదురుగా, నేను గ్లాసు పట్టుకుని నిలబడితే. ట్యాంకుల మీదినుంచి తీసేసి చుట్టలకు చీటీలు కట్టే చోట వేశారు. అక్కడ ఆయన దమ్ముకు విలువ లేదు. ట్యాంకుల దగ్గర ఇప్పుడు ఒక కొత్తవాడున్నాడట. మొదటి రోజే వాడికి బిగబట్టడం నేర్పారట. మాస్కు సంగతి చెప్పారా అని అడిగాను. ఆయన భుజాలెగరేశాడు. ఎన్నాళ్లు పోతే వాడి పెళ్లానికి కూడా నోటిదురుసుదన్న పేరు వస్తుందో.

బీపీ దిగింది. మామూలు కాలేదు, దిగింది. డాక్టరు ఫరవాలేదంది. ఇంట్లో మాత్రం నా నోటిమీద పడ్డ నింద దిగలేదు, పక్కకు జరిగింది. ఒకరోజు మా అత్తగారు పక్కవాటా ఆవిడతో చెబుతుంటే విన్నాను. "అది మాటాడక మొండికేసిన రోజుల్లోనే ఆడికి మరీ పెరిగిపోనాదమ్మా. అది వాగతా ఉన్నప్పుడే నయం, ఇల్లు ఇల్లులా ఉండీది." నోరు తెరిచినా నేనే, మూసినా నేనే. మా మరిది డాబా తరగతులు ఆపలేదు. ఇప్పుడు మెల్లగా వదలడం నేర్పుతున్నాడు. మొదటినుంచీ తను చెబుతున్నది అదేనట. అన్నయ్యకు నయమైంది కూడా దానివల్లేనని అందరికీ చెబుతున్నాడు. మా ఆయన కాదనడు. ఆదివారాలు వెళ్లి ఆ తివాచీ మీదే కూర్చుని పీల్చి వదిలి వస్తాడు.

మళ్లీ చూపించుకోవడానికి వెళ్లినప్పుడు డాక్టరు నాకో పని అప్పగించింది. ఇంట్లో ఆయన ఎప్పుడెప్పుడు తెలియకుండా బిగబడుతున్నాడో చూసి చెప్పమంది. చెబితే మెల్లగా అలవాటు పోతుందట. కుక్కరు దగ్గర పోయింది. బూటు లేసు దగ్గర పోయింది. ఫోను దగ్గర దాదాపు పోయింది. ఒక్క చోట మాత్రం పోలేదు. నేను మాట్లాడటం మొదలుపెడితే మూడో బొత్తాం ఆగిపోతుంది.

మొన్న ఒక మధ్యాహ్నం అన్నాలయ్యాక ఎదురుగా కూర్చోబెట్టి అడిగాను. "నాను నోరు తెరిస్తే ఊపిరి ఎందుకు బిగబడతారు?"

ఆయన నిజంగానే ఆలోచించాడు. ఆ మనిషి ఎకసెక్కాలాడడు, ఆడటం చేతకాదు. ఉన్నదున్నట్టు చెప్పాడు.

"ఏటో, అలవాటే. ట్యాంకు కాడ లాగే. కాసేపు ఆగితే అదే పోతాది గదా అని."

అదే పోతుంది. ముప్పై ఏళ్లకు దగ్గరపడుతున్న కాపురంలో నా గురించి ఆయన చెప్పిన అత్యంత నిజమైన మాట. నేను వండింది, మోసింది, పోట్లాడి తెచ్చింది, భయపడింది, అదంతా ఆయన లెక్కలో గుప్పున లేచి కాసేపటికి తేలిపోయే తెల్లటి ఆవిరి. నేను మాట్లాడినంతసేపూ ఆయన కళ్లు మూసుకోలేదు, పారిపోలేదు, ఎదురు చెప్పలేదు. పనిమంతుడిలా బిగబట్టుకుని నిలబడ్డాడు. ఒక్క ముక్క కూడా లోపలికి పోనివ్వలేదు.

ఇంకొకరైతే ఆ మాటకు నోరు పడిపోయి ఊరుకునేవారేమో. ఊరుకుంటే అత్తగారు గెలిచినట్టు. ఊరుకోకపోతే ఆ గుండె మీద నేనే బరువు వేసినట్టు. అందుకని ఇప్పుడు మాట్లాడే తీరు మార్చాను. అనాల్సింది సగం అని ఆపుతాను. బొత్తాం వైపు చూస్తాను. కదలదు. "ఒదలండి," అంటాను. భుస్సుమని వదులుతాడు. ఆయన మళ్లీ పీల్చి మెల్లగా వదిలేదాకా, బొత్తాం సరిగా లేచి పడేదాకా కూర్చుంటాను. అప్పుడు మిగతా సగం అంటాను. దీనివల్ల చిన్న తగువు కూడా గంట పడుతోంది. అమ్మాయి "మమ్మీ, యే క్యా డ్రామా హై" అని తలుపు వేసుకుంటుంది. అత్తగారు చాప మీద కూర్చుని వింటూ ఉంటుంది.

అనాల్సినవాటిలో ఒక్కటీ తగ్గించలేదు. మధ్యలో ఊపిరికి చోటిస్తున్నాను, అంతే. ఆ ఊపిరి ఆయనది. ఆపేటప్పుడల్లా మాట మింగేది మాత్రం నేను.